ఏ గుడ్డకు ఏ కుట్టు

బియ్యపు బస్తా మూతిని కుట్టిన దారమును సరియైన కొసనుండి పట్టి లాగినచో కుట్టంతయు జరజర ఊడివచ్చును. రెండవ కొసనుండి లాగినచో ఎంత ప్రయాసపడినను బిగియునే గాని ఊడదు. తుదకు కత్తెర తేవలసివచ్చును. రవికె కుట్టు అట్లు కాదు. ఏ కొసనుండి లాగినను అది ఊడిరాదు. రెండును యంత్రముమీద కుట్టినవే. దారమును దారము పట్టుకొను తీరునందే ఈ భేదమంతయు కలదు.

మన యిండ్లలోని కుట్టుమిషను కుట్టునది లాక్‌స్టిచ్. దీనికి రెండు దారములు కావలెను. పైదారము సూదితో గుడ్డలోనికి దిగి, సూది లేచునపుడు చిన్న ఉచ్చుగా వదులగును. క్రిందనున్న కొక్కెము ఆ ఉచ్చును పట్టి బాబిన్ చుట్టును త్రిప్పి వదలును. రెండు దారములును గుడ్డ మందమునకు నడుమ పెనవేసికొనును. అందుచేత ఈ కుట్టు ఇరువైపుల ఒకే రీతిగా కనబడును; ఒకచోట తెగినను తక్కినది వెంటనే ఊడిపోదు. పైదారము బిగువెక్కువైనచో క్రింది దారము చుక్కలు చుక్కలుగా పైకి తేలును. క్రింది దారము బిగువెక్కువైనచో పైదారము అడుగున కనబడును. మిషను చెడినదని నిందించుటకు ముందు ఈ బిగువును సరిచూచుకొనుట మేలు.

అమెరికాలో ఎలియాస్ హౌ 1846లో పేటెంటు పొందిన యంత్రము ఈ కుట్టునే కుట్టినది. అంతకు పూర్వమే, ఫ్రాన్సు దేశపు దర్జీయగు బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొందిన యంత్రము ఒకే దారముతో గొలుసుకుట్టు కుట్టెడిది. పారిస్‌లో సుమారు 80 యంత్రములతో సైనికుల దుస్తులు కుట్టుచుండగా, 1831లో తమ కూడు పోవునను భయముతో దర్జీలు కార్ఖానాపై బడి వానిని ధ్వంసము చేసిరి. ఆ భయమును అజ్ఞానమని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. సూదినే నమ్ముకొన్నవారికి ఆ యంత్రము మరెట్లు కనబడగలదు?

గొలుసుకుట్టునందు ప్రతి ఉచ్చును తన ముందరి ఉచ్చులోనుండి దూరివచ్చును. చివరి ఉచ్చును వదలిన గొలుసంతయు విడిపోవును. చొక్కాకిది దోషము, బస్తాకిదియే గుణము. ధాన్యము, దాణా, ఎరువు సంచులను చింపకుండ విప్పుటకు ఇంతకన్న అనుకూలమైన కుట్టు లేదు. రెండు దారములతో కుట్టు గొలుసుకుట్టు మరింత గట్టిది. దీనికి బాబిన్ అక్కరలేదు. పెద్ద కండెలనుండి దారము తిన్నగా వచ్చును గనుక మాటిమాటికి పని ఆపనక్కరలేదు. జీన్స్ ప్యాంట్ల పొడవాటి కుట్లకు కార్ఖానాలలో దీనిని విరివిగా వాడుదురు.

ఇక బనియను. అల్లిక గుడ్డ సాగును. లాక్‌స్టిచ్ అంతగా సాగదు. తలమీదుగా తొడుగుకొనునపుడు గుడ్డ సాగి, దారము పటుక్కున తెగును. దీనికి ఓవర్‌లాక్ తగినది. ఆ యంత్రము గుడ్డ అంచును తానే కత్తిరించి, దానిచుట్టు దారములను అల్లును. అంచు పోగులు జారవు, కుట్టు గుడ్డతోపాటు సాగును. అయితే ఇది దారమును మ్రింగును: లాక్‌స్టిచ్‌కు కుట్టు పొడవునకు సుమారు రెండున్నర రెట్ల దారము చాలగా, మూడు దారముల ఓవర్‌లాక్‌కు పన్నెండు రెట్లకు పైగా పట్టును. ఇంట ఆ యంత్రము లేనివారు జిగ్‌జాగ్ వేసికొనవచ్చును. చీరకు పికో చేయుటయందును సూది అట్లే ఇటునటు ఊగుచు అంచును చుట్టును.

కుట్లు దగ్గరగా వేసినకొలది గట్టిదనమని పలువురు తలంతురు. చొక్కా గుడ్డకు అంగుళమునకు పది పన్నెండు కుట్లు చాలును. తోలునకు మరీ దగ్గరగా కుట్టినచో సూది రంధ్రములు తపాలాబిళ్ల అంచువలె వరుసకట్టి, తోలే ఆ గీతవెంట చినుగును. దారము గుడ్డకన్న కొంచెము బలహీనముగా నుండుటయే మంచిది. తెగిన కుట్టును మరల వేయవచ్చును. చినిగిన గుడ్డకు మాసికయే గతి.

పిల్లలకు బడి దుస్తులు కొనునపుడు తిరుగవేసి, కుట్టుకు రెండువైపుల పట్టి లాగిచూడవలెను. నేతగుడ్డ లాగు పిరుదులకడ అంచు ఓవర్‌లాక్ మాత్రమే యుండి, దాని ప్రక్కన లాక్‌స్టిచ్ గాని గొలుసుకుట్టు గాని లేకున్న అది ఎక్కువకాలము నిలువదు. లోపల గుడ్డ కొంత విడిచినదియు లేనిదియు చూడవలెను. ఎదుగు బిడ్డలకు ఆ అంగుళమే మరియొక సంవత్సరము. వదులుచేయదలచినపుడు ఒక వైపున నాలుగైదు కుట్లకొకటి చొప్పున త్రెంపుచు పోయి, రెండవ వైపు దారమును లాగినచో అది పొడవుగా చేతికి వచ్చును. గుడ్డకు గాయము కాదు.