పొయ్యి మంట తగ్గితే ఏం చూడాలి?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్., మెడికల్ బిల్లుల సంగతి పెద్దలు చెప్పారు. నేను వంటింటి సంగతి ఒకటి మనవి చేస్తాను.

మన నస్పూర్ సింగరేణి ప్రాంతం. ఒకప్పుడు ఇక్కడ బొగ్గుల పొయ్యిలే ఎక్కువ. మంట తగ్గితే విసనకర్రతో విసిరేవాళ్లం. గ్యాసు పొయ్యికి ఆ వైద్యం పనికిరాదు.

మొన్న చలికాలం మా ఇంట్లో రెండు బర్నర్ల మంటా దీపమంత అయింది. గ్యాసు అయిపోయిందనుకొని సిలిండరు మార్చాను. అయినా అంతే. ట్యూబు పట్టుకొని గట్టిగా గుంజాను. మంట పెరిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవరాలు గడపలోనే ఆగి "తాతా, గ్యాసు వాసన" అన్నది. నాకు గాని, మా ఇంటావిడకు గాని ఏ వాసనా తెలియలేదు. లైటు స్విచ్చి ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచాం. తర్వాత చూస్తే, పొయ్యి కాలు కింద నలిగిన ట్యూబు నేను గుంజిన చోట చీలి ఉంది.

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరి చేసినవాణ్ణి. ఫైలు కదలకపోతే ఏ టేబులు దగ్గర ఆగిందో వరుసగా చూసేవాణ్ణి. గ్యాసూ అంతే. సిలిండరు, రెగ్యులేటరు, ట్యూబు, నాబు, జెట్టు, బర్నరు అనే వరుసలో నడుస్తుంది.

ఒక్క బర్నరే మందగిస్తే దోషం అక్కడే. పొంగిన పాలు, చారు రంధ్రాల్లో ఎండిపోయి ఉంటాయి. చల్లారాక కడిగి, బాగా ఆరబెట్టి పెట్టాలి. జెట్టును సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. అది మెకానిక్ పని.

రెండూ మందగిస్తే ముందు సిలిండరు తూచండి. దాని మీద రాసిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలిన గ్యాసు తెలుస్తుంది. నిండు సిలిండరులో 14.2 కిలోలుంటుంది. అడుగుకు వచ్చిన గ్యాసు చలిలో సరిగా ఆవిరి కాదు. అందుకని సిలిండరును పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం చేయకండి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. గ్యాసు ఉండి కూడా మంట రాకపోతే ట్యూబు ఎక్కడైనా మడతపడిందా, నలిగిందా చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న ట్యూబే వాడి, 5 సంవత్సరాలకు మార్చండి. రెగ్యులేటరు మీద అనుమానముంటే విప్పకుండా డీలరుకు చెప్పండి.

చివరి మాట. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకు తెలియాలనే ఘాటైన వాసన కలుపుతారు. వయసు మీదపడితే ముక్కు ఆ వాసననూ సరిగా పట్టదు. కళ్లకు అద్దాలున్నాయి, ముక్కుకు లేవు. సబ్బు నీళ్లే మన ముక్కుకు అద్దాలు. ట్యూబు మీద, అతుకుల దగ్గర పూయండి. బుడగ లేస్తే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడవద్దు. లీకైతే రెగ్యులేటరు కట్టేసి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయండి. రాత్రి పగలు పలుకుతారు.

పిల్లలు దూరాన ఉండి, ఇద్దరమే ఉండే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ రోజు మనవరాలు రాకపోతే ఈ రోజు నేను మీ ముందు నిలబడేవాణ్ణి కాదేమో.