తెల్ల పెట్టె

చేపల బజారులో తెల్లటి పెట్టెలు చూసే ఉంటారు. పెట్టెకు బరువే ఉండదు. కానీ చేపలు, ఐసు బోలెడు మోస్తుంది. అదే థర్మోకోల్. 1950 ప్రాంతంలో జర్మనీలో కనిపెట్టారు.

ఇదీ ప్లాస్టిక్కే. మొదట పంచదార పలుకుల్లాంటి గింజలు. వాటిలో పెంటేన్ అనే ద్రవం ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆవిరి తగలగానే గింజ మెత్తబడుతుంది. పెంటేన్ ఆవిరై గింజను ఉబ్బిస్తుంది. మన పేలాలు గుర్తొస్తున్నాయా? గింజ 40 రెట్ల దాకా పెరుగుతుంది! కొన్ని గంటలు ఆరనిస్తారు. లోపలికి గాలి చేరుతుంది. తర్వాత అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పడతారు. గింజలన్నీ అతుక్కుపోతాయి. పెట్టె తయారు.

అందులో నూటికి 98 పాళ్లు గాలే. ఆ గాలి కదలదు, వేడిని రానివ్వదు. అందుకే ఐసు తొందరగా కరగదు.

పొయ్యి రాజేయడానికి మాత్రం ఈ ముక్కలు వేయకండి. ఆ నల్లపొగ విషం. పక్కనే చంటిపిల్లలుంటారు. పాతబడిన పెట్టెకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి పోసి కొత్తిమీర చల్లుకోండి.