ఎంత ఇస్తే చాలు?



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు ఈ రాయలసీమలో చరిత్ర పాఠాలు చెప్పారు. కరువుల పాఠం వచ్చినప్పుడు దొరల పేర్లతో కాకుండా ఆనాటి కూలి రేట్లతో మొదలుపెట్టేవారని ఆయన శిష్యులు చెబుతారు. ఈ రోజు నేనూ ఒక కూలి రేటుతోనే మొదలుపెడతాను. కలిగినవాళ్లు లేనివాళ్ల బతుకును ఎలా చూస్తారన్నది నా విషయం. ఆ చూపు ఒక మనిషి మనసులో ఆగిపోతే ఇంత మాట్లాడే పని ఉండదు. అది ఉత్తర్వుగా మారుతుంది, రేటుగా మారుతుంది, గీతగా మారుతుంది. అప్పుడు మనుషులు బతకడమూ చావడమూ దాని మీద ఆధారపడతాయి.

1876లో వానలు ముఖం చాటేశాయి. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకున్నది దాన్నే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం కరువు పనులకు ఎగబడ్డారు. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు ఏర్పాట్లలో ఉన్నాడు. మద్రాసు ప్రభుత్వం కరువు పనులకు విపరీతంగా ఖర్చు పెడుతోందన్న అనుమానంతో సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపాడు. టెంపుల్ వచ్చి కూలిని తగ్గించాడు. రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కూడా లేదు, దాని పైన కొద్దిపాటి చిల్లర. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. నిజంగా అవసరం లేనివాళ్లు పనుల్లో చేరారని చెప్పి వేలాది మందిని తప్పించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. టెంపుల్‌ను రాతిగుండె మనిషని కొట్టిపారేస్తే మనకు తెలిసేది ఏమీ ఉండదు. మూడేళ్ల ముందు, 1874లో బీహార్ కరువులో ఈ టెంపులే బర్మా నుంచి బియ్యం తెప్పించాడు. జనాన్ని కాపాడాడు. ఆ కరువులో చావులు చాలా తక్కువ. అందుకు ఆయనకు దక్కింది మెప్పు కాదు, ఖజానాను దుబారా చేశాడన్న నింద. ఆ నిందను తుడుచుకోవాలన్న తపనతో ఆయన మన ప్రాంతానికి వచ్చాడు. ఎండిన ఒళ్లూ ఖాళీ కుండా ఆయనకు కనపడకపోలేదు. కానీ ఆయన జవాబు చెప్పుకోవలసింది కలకత్తాకు, లండన్‌కు. బీహార్‌లో కళ్లకు ఆనిన ఆకలి బళ్లారిలో లెక్కకు ఆనలేదు. కలిగినవాళ్ల చూపు గురించి నేను చెప్పదలచింది ఇక్కడే ఉంది. వాళ్లు పేదవాణ్ణి చూసేటప్పుడు ఇచ్చేవాడి స్థానంలో నిలబడి చూస్తారు. అక్కడి నుంచి కనపడే ప్రశ్న ఒక్కటే: ఎంత ఇస్తే చాలు? ఆ మనిషి ఎలా బతుకుతున్నాడన్న ప్రశ్న అక్కడి నుంచి పుట్టదు.

టెంపుల్‌ను ఎదిరించిన మనిషీ అధికారే. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. ఈ తిండితో పనిచేసే మనిషి నిలవడని, జైల్లో కఠిన శిక్ష పడ్డ ఖైదీకి కూడా ఇంతకన్నా ఎక్కువ పెడుతున్నామని పేజీల కొద్దీ రాశాడు. కొన్ని నెలల తర్వాత మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. అప్పటికే చాలా ఆలస్యమైంది. 1880 నాటి కరువు కమిషన్ అంచనాల్లోనే బ్రిటిష్ పాలిత ప్రాంతాల చావులు దాదాపు 50 లక్షలు. 1871, 1881 జనగణనలను పక్కపక్కన పెట్టి చూడండి. కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గిపోయింది.

కలిగినవాళ్లందరూ ఒకేలా చూడలేదన్నది కూడా చెప్పాలి. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువు రోజుల్లో వేలమందికి అన్నం పెట్టించి ఈ సీమలో పేరై నిలిచాడు. గడపలోకి వచ్చినవాళ్లు ఆయనకు సంఖ్య కాదు, ఫలానా ఊరివాళ్లు, ఫలానావాళ్ల పిల్లలు. దగ్గరితనం చూపును మారుస్తుంది. అయితే పెట్టే చెయ్యి ఉన్నచోటే బతుకు, లేనిచోట చావు అనే ఏర్పాటును నేను ఒప్పుకోలేను.

ఖైదీ తిండి మాట వచ్చింది కాబట్టి దాదాభాయి నౌరోజీని తలుచుకోవాలి. సరిగ్గా ఆ 1876లోనే ఆయన భారతదేశపు పేదరికం మీద బొంబాయిలో పత్రం చదివాడు. దేశంలో సగటు మనిషి ఆదాయం ఏడాదికి 20 రూపాయలని లెక్క కట్టాడు. మనిషి బతకడానికి ఎంత కావాలో చూపడానికి ఆయన తీసుకున్న కొలతలు ఏమిటనుకున్నారు? విదేశాలకు వెళ్లే కూలీలకు ఓడల్లో ఇచ్చే తిండి, జైళ్లలో ఖైదీ మీద అయ్యే ఖర్చు. సర్కారు తన లెక్కల్లో తానే ఒప్పుకున్న కనీసం అది. నేరం చేయని రైతుకు ఆ మాత్రం కూడా దక్కడం లేదని ఆయన చూపించాడు. కార్నిష్ పట్టుకున్న కొలతే నౌరోజీ చేతిలో పాలకుల మీద అభియోగమైంది.

ఈ చూపు మన దేశానికి, దొరతనానికి మాత్రమే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లో యార్క్ పట్టణంలో కోకో, చాక్లెట్ల వ్యాపారంలో సంపన్నమైన కుటుంబం రౌంట్రీలది. ఆ ఇంటి బిడ్డ సీబోమ్ రౌంట్రీ 1899లో పట్టణంలోని పనివాళ్ల ఇళ్లన్నిటినీ సర్వే చేయించాడు. 1901లో వచ్చిన ఆయన పుస్తకం పేదరికపు గీతను కావాలనే చాలా కిందికి గీసింది. ఒంట్లో సత్తువ నిలవడానికి మాత్రమే సరిపడే తిండి, గుడ్డ, అద్దె. వార్తాపత్రిక లేదు, బస్సు చార్జీ లేదు, పిల్లలకు బొమ్మ లేదు, బీరు లేదు. పేదలు డబ్బు తగలేసుకుంటారని అనేవాళ్లకు నోరు లేవకుండా చేయడం ఆయన ఉద్దేశం. అంత కటువైన గీత కింద కూడా జనం తేలారు. వాళ్లలో సగం మందికి పైగా కారణం ఒకటే: పని ఉంది, కూలి చాలదు.

నాకు రౌంట్రీ మీద గౌరవం కలిగేది మాత్రం ఆయన 1936లో చేసిన పని వల్ల. అదే యార్క్‌లో రెండోసారి సర్వే చేసినప్పుడు ఆయన తన గీతను తానే పైకి జరిపాడు. రేడియో, పత్రిక, పిల్లలకు చిన్న కానుక, కాసింత పొగాకు, ఇవీ మనిషి అవసరాలేనని లెక్కలో చేర్చాడు. చూసేకొద్దీ ఆయనకు కడుపు వెనక ఉన్న మనిషి కనపడ్డాడు.

మనమేం చేశాం? 1979లో మన నిపుణులు పల్లెలో మనిషికి 2400 కేలరీలు, పట్నంలో 2100 అని గీత గీశారు. 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది: పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేద కాదు. దేశమంతా మండిపడింది. తర్వాత రంగరాజన్ కమిటీ 2014లో ఆ అంకెలను 47కూ 32కూ తెచ్చింది. అంకె తక్కువన్న గొడవ నిజమైనదే. కానీ అంకె పెరిగినంత మాత్రాన చూపు మారదు. రోజుకు 32 అనడంలోనే ఒక భ్రమ ఉంది. పేదవాడికి డబ్బు రోజూ రాదు. మేస్త్రీ పిలిచిన వారం వస్తుంది, వాన పడిన వారం రాదు, జ్వరం వచ్చిన నెల ఉన్నది పోతుంది. నెల మొదటి తారీఖున జీతం అందుకునేవాళ్లకు ఈ ఎగుడుదిగుడు అనుభవంలో ఉండదు. అందుకే పేదరికమంటే వాళ్లకు తక్కువ జీతంలా కనపడుతుంది.

ఆ ఎగుడుదిగుడును దాటడానికి పేద ఇల్లు చేసే పని ఎంత పెద్దదో బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాలలో కొందరు పరిశోధకులు రెండు వందలకు పైగా ఇళ్ల జమాఖర్చులను ఏడాది పాటు రాసి చూశారు. అది 2009లో పుస్తకంగా వచ్చింది. అత్యంత పేద ఇల్లు కూడా కనీసం నాలుగు రకాల అప్పు, పొదుపు మార్గాలను ఆ ఏడాదిలో నడిపింది. మనకు ఇది కొత్త కాదు. చీటీ పాట, చేబదులు, కొట్లో ఖాతా, కమ్మలు కుదువ, డ్వాక్రా పొదుపు, వారం కిస్తీ. ఒకదానిలో తెచ్చి ఇంకొకదానిలో కట్టడం. ఈ లెక్కంతా నడిపేది చాలా ఇళ్లలో అక్షరం రాని ఆడమనిషి. ఆమెకు డబ్బు విలువ తెలియదని, పొదుపు నేర్పాలని మనం శిక్షణా తరగతులు పెడతాం. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు ప్రాణాల మీదికి వచ్చి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రుణాలు ఇచ్చినవాళ్ల కాగితాల మీద ప్రతి వారం కిస్తీ కట్టగలిగే మనిషి ఉంది. ప్రతి వారం కూలి దొరకని మనిషి లేదు.

ఇక తాగుడు. వాళ్లు తాగి చెడిపోయారనే మాట వినని ఇల్లు మనలో ఉండదు. తాగుడు పేదింటిని కూల్చుతుందన్నది నిజం. ఆ నిజం ఎవరికన్నా ముందు తెలిసింది ఆ ఇంటి ఆడవాళ్లకే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం అనే సాక్షరతా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. 1992లో అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. సారా వేలం పాటలు పాడినవాళ్లు కలిగినవాళ్లు. ఆ రాబడి మీద బడ్జెట్ వేసుకున్నది ప్రభుత్వం. తాగే అలవాటును ఎత్తిచూపే మన వేలు అమ్మినవాడి వైపు అంత సులువుగా తిరగదు. దెబ్బలకూ కాంట్రాక్టర్ల మనుషులకూ ఎదురు నిలిచింది ఆ ఊళ్ల కూలి ఆడవాళ్లే.

పండగలు, పెళ్లిళ్ల ఖర్చు మీదా ఇలాంటి మాటే వింటాం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల్లో చూసిన లెక్క ప్రకారం నిరుపేద ఇళ్లు కూడా ఏటా పది శాతం దాకా పండగలకు పెడుతున్నాయి. అంతా తిండికే పెట్టవచ్చు కదా అని మొదట అనిపిస్తుంది. కానీ కూలి దొరకని నెలలో చేబదులు ఇచ్చేది ఎవరు? శవం లేచిన రోజు వచ్చి నిలబడేది ఎవరు? పెళ్లికి పిలిచి భోజనం పెట్టిన బంధుబలగమే. ఆ ఖర్చును దండగ అని కొట్టేస్తే వాళ్లకున్న ఒకే ఒక్క బీమాను రద్దు చేసుకోమని చెప్పినట్టు. అదీ కాక, ఏడాదికి ఒక రోజు కొత్త చీర కట్టుకుని నలుగురిలో నవ్వాలని ఉండటానికి ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన పనిలేదు.

ఫోను సంగతీ అంతే. చేతిలో టచ్ ఫోను చూసి వాళ్లకేం తక్కువ అంటాం. మేస్త్రీ పిలుపు ఆ ఫోనుకే వస్తుంది. బ్యాంకులో కూలి పడిన మెసేజీ, ఆధార్ ఓటీపీ దానికే వస్తాయి. ఆ ఓటీపీలు అడిగేది మనమే, మన ఆఫీసులే.

ఈ హాల్లో ఉన్న చాలామందికి పేదరికం రోజూ ఇంటికి వచ్చి అంట్లు తోమి వెళ్తుంది. జీతం ఎంత, ఎన్ని నాగాలు పెట్టింది అన్నది మనకు ఖచ్చితంగా తెలుసు. ఆమె ఏ వేళకు లేచి, ఎన్ని ఇళ్లు చేసి, తన పిల్లలకు ఎప్పుడు వండి పెడుతుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆమె అడ్వాన్సు అడిగితే మళ్లీనా అంటాం. ఆ మళ్లీ వెనక ఉన్న నెలను అడగం. ఇంత దగ్గరగా ఉన్న మనిషిని చూడకుండా ఉండటానికి మనం విడి గ్లాసు, వెనక మెట్లు ఏర్పాటు చేసుకున్నాం. వీటిని ఇళ్లలోంచి తీసేయమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఇదే చూపు సర్కారు సాయం మీదా పడుతుంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు జనం సోమరులైపోతారన్నారు. ఇంత తేలిగ్గా దొరికితే పని ఎవరు చేస్తారన్న భయం 1877 నాటిదే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ధాత కరువు రోజుల్లో ఆ ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉండేది. కూలీలు దొరకడం లేదన్న ఫిర్యాదు అప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. తక్కువ కూలికి దొరకడం లేదన్నది అందులో పైకి చెప్పని సగం.

ఆ పథకంలో కొలతల గొడవలు, ఆలస్యమైన కూలి, దొంగ మస్టర్లు అన్నీ జరిగాయి. కానీ ఒక పని మాత్రం ఈ రాష్ట్రం దేశానికి ముందు చేసి చూపింది. సామాజిక తనిఖీ. కూలి కుటుంబాల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్ చేతికిచ్చి, ఇల్లిల్లూ తిరిగి సరిచూడమన్నారు. నువ్వు ఎన్ని రోజులు పని చేశావు, ఎంత చేతికొచ్చింది, కాగితం మీద ఎంత ఉంది అని వాళ్లు అడిగారు. తేలినదాన్ని అధికారుల ముందు బహిరంగ సభలో చదివారు. 2009లో దీనికోసం ప్రత్యేక సంస్థే ఏర్పడింది. టెంపుల్ శిబిరాల్లో కూలీల పేర్లు కొట్టేసిన పుస్తకం అధికారి చేతిలో ఉండేది. ఇక్కడ ఆ పుస్తకం కూలివాడి కూతురి చేతికి వచ్చింది. ఆమె చదువుతుంటే కుర్చీలో ఉన్నవాళ్లు లేచి జవాబు చెప్పారు.