చిన్న ఓడ, పెద్ద బాధ్యత

సముద్రయుద్ధ మనగానే మహానౌకలు, వాటి భారీ ఫిరంగులు మన మనస్సున మెదలుతవి. వాటికి ముందు నడిచి దారి నిరపాయం చేసే చిన్న ఓడలను తలచేవారు తక్కువ. అట్టివానిలో ఒకటైన 'బెంగాల్' కథను ఇప్పుడు మనవి చేస్తాను.

యుద్ధకాలంలో శత్రువులు రేవుల దరిదాపుల నీటిలో మైనులను దాచుతారు. మందు దట్టించిన ఈ ఇనుపగోళాలు సముద్రపుటడుగున ఉన్న బరువుకు తీగతో కట్టబడి, ఓడ తాకినంతనే ప్రేలుతవి. మైన్‌స్వీపరు పొడవైన ఉక్కుతాడును వెనుక ఈడ్చుకొనిపోయి ఆ కట్టును తెంపుతుంది. పైకి తేలిన మైనును దూరమునుండి కాల్చివేస్తారు. ఇది పేరు రాని పని; ప్రమాదం మాత్రం అడుగడుగునా ఉన్నది.

నాటి రాయల్ ఇండియన్ నేవీ కొరకు సిడ్నీలో నిర్మితమైన 'బెంగాల్' 1942 ఆగస్టులో కొలువులో చేరినది. బరువు సుమారు 650 టన్నులు. ఉన్న పెద్ద ఫిరంగి ఒక్కటే. అదియు 12 పౌన్ల గుండు వేసేది. ఆ నవంబరులో డచ్చి చమురు ఓడ 'ఒండీనా'కు రక్షణగా, ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుండి హిందూ మహాసముద్రంలోని డియెగో గార్షియా దీవికి బయలుదేరినది.

నవంబరు 11న, కోకోస్ దీవులకు నైరుతి దిశలో, రెండు జపాను దాడి ఓడలు ఎదురైనవి. అవి 'హోకోకు మారు', 'ఐకోకు మారు'. ఒక్కొక్కటి పదివేల టన్నులకు మించినది. 'బెంగాల్' అధిపతి విలియం విల్సన్ చమురు ఓడను తప్పించుకొని పొమ్మని ఆదేశించి, తన ఓడను శత్రువు మీదికే త్రిప్పినాడు. 'ఒండీనా' కూడ తన ఒక్క ఫిరంగితో పోరు సాగించినది. ఒక గుండు తగిలి 'హోకోకు మారు' ప్రేలి మునిగినది. ఆ గుండు ఏ ఓడదన్న వాదం చాలాకాలం నడచినది.

మందుగుండు అయిపోవచ్చిన 'బెంగాల్' పొగతెర చాటున తొలగి డియెగో గార్షియా చేరినది. 'ఒండీనా' కెప్టెన్ హోర్స్‌మన్ ప్రాణాలు కోల్పోయినాడు. ఓడకు టార్పెడోలు తగిలినవి. పడవలలోకి దిగిన నావికులు, శత్రువు మరలిపోయిన పిమ్మట తిరిగి ఓడనెక్కి, మంటలార్పి, ఫ్రీమాంటిల్‌కు చేర్చినారు.

గుండు ఎవరిదైనా కానీయండి. వెంట వచ్చిన ఓడకు అపాయం రాకుండా తానే ముందు నిలుచుట మైన్‌స్వీపరుకు నిత్యకృత్యం. నాడు మైనులకు బదులు ఫిరంగులు ఎదురైనవి. 'బెంగాల్' మాత్రం తన పని మరువలేదు.