ఆదివారం ఎవరిది?

 

ఉదయగిరిలో సభ అంటే ఉపన్యాసం కృష్ణదేవరాయలతో మొదలు కావడం ఆనవాయితీ. 1514లో గజపతుల దగ్గర్నుంచి ఈ దుర్గం ఆయన వశమైన సంగతి ఇక్కడి బడిపిల్లలకూ తెలుసు. ఈ పూట నేను కొండెక్కను, కింద ఊళ్ళోనే ఉంటాను. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1885లో ఉదయగిరికి, 1893లో ఆత్మకూరుకు వచ్చింది. రోమన్ కతోలికుల నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది. ఒకే క్రీస్తును నమ్మిన ఈ రెండు శాఖల జనం రోజువారీ బతుకులో ఎక్కడ వేరవుతారు, ఎందుకు వేరవుతారు అన్నదే నా విషయం. ఇది నేను పుస్తకాల కంటే ముందు ఇంట్లో నేర్చుకున్నాను.

మా జేజి బాప్టిస్టు. మా అమ్మమ్మ గుంటూరు వైపు ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలికు. రెండు వైపులా కులం ఒకటే కాబట్టి మా అమ్మానాన్నల పెళ్ళి కుదిరింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మొదట తేడా తెలిసింది మాటల్లో. జేజి బాప్తిస్మం అంటే అమ్మమ్మ జ్ఞానస్నానం అనేది. జేజిది ప్రార్థన, అమ్మమ్మది జపం. జేజికి పరిశుద్ధాత్మ, అమ్మమ్మకు పవిత్రాత్మ. ఈస్టరుకు ముందు నలభై రోజులు జేజికి శ్రమకాలం, అమ్మమ్మకు తపస్సు కాలం. పేర్లయితే మరీ స్పష్టం. జేజి వైపు యాకోబు, దానియేలు, కృపావరం, దయామణి. అమ్మమ్మ వైపు రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరి, ఆరోగ్యమ్మ. పేతురు అంటే రాయి కనుక రాయప్ప. పౌలు అంటే చిన్నవాడు కనుక చిన్నప్ప. ఇగ్నేషియస్ ఇన్నాసి అయి ఇన్నయ్యగా మారాడు, జేవియర్ శౌరి అయ్యాడు. ఈ పేర్లను పలకరించి చూస్తే ఏ ఊరి పెద్దమనిషినో పిలిచినట్టే ఉంటుంది. 18వ శతాబ్దం తొలినాళ్ళలో రాయలసీమ పల్లెలకు వచ్చిన జెస్యూట్ గురువులు సన్యాసుల వేషంలో, సన్యాసుల ఆహార నియమాలతో బతికారు. ఊరి తీరును కదిలించకుండా ఊళ్ళోకి వచ్చిన మతం పేర్లనూ అలాగే తెచ్చింది. బాప్టిస్టుల పేర్లు మాత్రం నేరుగా పుస్తకంలోంచి వచ్చాయి. పేరు పెట్టడమే పాత ఊరి నుంచి పక్కకు జరగడం.

తప్పు చేసినప్పుడు ఇద్దరూ నడిచే దారి కూడా వేరు. అమ్మమ్మ పాపసంకీర్తనానికి పోయి, తెర అవతలి ఫాదర్ చెవిలో చెప్పి, ఆయన విధించిన జపాలు చెప్పుకుని, తేలికపడి ఇంటికొచ్చి పొయ్యి రాజేసేది. జేజికి ఆ వెసులుబాటు లేదు. ఆమె రోజుల తరబడి లోపల్లోపలే కుమిలి, చివరికి సంఘం ముందు నిలబడి సాక్ష్యంలో చెప్పేది. ఊళ్ళో ఎవరి ఎదుటా తల ఎత్తని మనిషి నలుగురిలో లేచి ‘నేను’ అని మొదలుపెట్టడం నేను కళ్ళారా చూశాను. మన ఆత్మకథా సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ సాక్ష్యాన్ని ఎందుకు పట్టించుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పల్లెల్లో అక్షరం రాని ఆడవాళ్ళు తమ కథను తామే చెప్పుకున్న తొలి వేదికల్లో అది ఒకటి.

జర్మనీలో మాక్స్ వెబర్ 1904–05లో ఒక వాదం చేశాడు. ప్రొటెస్టెంటుకు వృత్తి దేవుని పిలుపు, పొదుపు నియమం, ఖాళీగా గడిపిన కాలం పాపం. ఆధునిక పెట్టుబడికి ఆ మనస్తత్వం ఊపిరి పోసింది అన్నాడు. ఆ వాదం చదివిన మనవాళ్ళు చాలామంది దాన్ని అట్లాగే తెచ్చి ఇక్కడ అతికించారు: బాప్టిస్టులు చదువుకున్నారు, కష్టపడ్డారు, పైకొచ్చారు, కతోలికులు మొక్కుల్లో, పండగల్లో ఉండిపోయారు అని. ఈ మాటను నేను ఒప్పుకోను. మన దగ్గర జరిగింది దాదాపు తలకిందులు.

ఒంగోలు చూడండి. 1866లో అక్కడ స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గరికి మొదట వచ్చినవాళ్ళలో యెర్రగుంట్ల పేరయ్య ఒకడు. మాదిగవాడు, అంతకుముందు రాజయోగ సాధన చేసినవాడు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాల వాళ్ళు చెప్పినా క్లౌ వెనక్కి తగ్గలేదు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. తిండి కోసం మతంలోకి వస్తారన్న అనుమానంతో ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఆ పని చేశారు.

ఆ వచ్చినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చూడ్డానికి మూడూ భక్తి నియమాలే. ఊళ్ళోకి వెళ్తే మూడూ వెట్టి మీద దెబ్బలు. మాదిగ ఇల్లు కపిల బానకు తోలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిచినప్పుడల్లా పొలానికి పోవాలి. బదులుగా కళ్ళంలో మేర. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియని ఆ బతుక్కి ‘ఈ ఒక్కరోజు రాను’ అనడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి. వెబర్ ప్రొటెస్టెంటుకు దేవుడు పని నేర్పాడు. మన మాదిగపల్లెకు ఆ దేవుడే పని ఆపడం నేర్పాడు.

మా జేజి శనివారం పొద్దుగూకేలోపు నీళ్ళన్నీ తోడి పెట్టేది. కట్టెలు చీల్చి పొయ్యి పక్కన పేర్చేది. మర్నాటి పులుసు కాచి ఉట్టిమీద పెట్టేది. కొడవలి చూర్లో దోపితే మళ్ళీ సోమవారమే తీసేది. ఒక ఏడు కోతల కాలంలో ఆదివారం పొద్దున ఆసామి మనిషిని పంపాడు. నేను అప్పుడు అరుగు మీద ఉన్నాను. జేజి గడపలో నిలబడి, ‘రేపు చుక్క పొడవకముందే వస్తాం నాయనా, ఈపొద్దు మాత్రం రాము’ అంది. మాట నెమ్మదిగానే ఉంది. చెయ్యి మాత్రం తలుపు గొళ్ళాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మనిషి సందు మలుపు తిరిగేదాకా వదల్లేదు.

అమ్మమ్మ ఊళ్ళో ఆదివారం ఇంత బిగువు కాదు. పొద్దున పూజ, తర్వాత బంధువులు, కూర, కబుర్లు. కోతలు ముమ్మరంగా ఉంటే ఫాదర్‌ను అడిగి పొలానికి పోయేవాళ్ళు. దీన్ని కతోలికుల అలసత్వం అంటే పొరపాటు. గుంటూరు వైపు చాలా ఊళ్ళలో భూమి ఉన్న ఆసామి కూడా అదే గుడికి వచ్చేవాడు. రైతూ కూలీ ఒకే పీఠం ముందు మోకరిస్తుంటే ఆదివారం వాళ్ళ మధ్య గట్టు కాలేదు. ఆసామి హిందువు, కూలీ బాప్టిస్టు అయిన మా ఊళ్ళలో అది గట్టయింది. ఈ తేడాకు మూలం రోములోనో జెనీవాలోనో వెతకొద్దు, పొలం పట్టాలో వెతకండి.

ఒకే పీఠం ముందు మోకరించడం మాత్రం సమానత్వం కాలేదు. ఇప్పటి పెళ్ళిసంబంధాల ప్రకటనలు తెరిస్తే ‘రెడ్డి ఆర్‌సీఎం’, ‘కమ్మ ఆర్‌సీఎం’ అని వేరు వేరుగా కనిపిస్తాయి. బాప్టిస్టులలో మాల సంబంధం మాదిగ ఇంటికి రావడం ఇప్పటికీ అరుదే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు బయట ఉంచింది. అక్కడ జేజి మనవడికీ అమ్మమ్మ మనవడికీ తేడా లేదు. ఇద్దరికీ ఊరి చివర ఇల్లే, ఇద్దరికీ కాగితం మీద కులం మారిపోయింది. మా ఇంట్లో మతశాఖ దాటగలిగిన పెళ్ళి కులం దాటలేకపోయింది. ఇది చెప్పకుండా రెండు శాఖల సంస్కృతి గురించి పత్రాలు చదివితే మనం సగమే చెప్పినట్టు.

అట్లాగని వాళ్ళిద్దరి మధ్య తేడా ఉత్తదే అననూ లేను. జేజి మా నాన్న పుట్టాక, ఒక అమ్మ ఇంటికొచ్చి నేర్పితే, బైబిలు చదవడం కోసం అక్షరాలు నేర్చుకుంది. రెండో వాటికన్ సభ దాకా అమ్మమ్మ గుళ్ళో విన్నది లాటిన్. కానీ జపమాల పూసలు అరిగి నున్నబడేలా తిప్పి ఆమె తన దుఃఖాన్ని దించుకునే నేర్పు జేజికి లేదు. ‘మీకు తల్లి లేదమ్మా పాపం’ అనేది అమ్మమ్మ, వియ్యపురాలి చెయ్యి పట్టుకుని. గుణదల తిరునాళ్ళలో తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఉండే వెలుగు నాకింకా కనిపిస్తుంది. జేజి ఆ కొబ్బరి ముక్క తినేది కాదు. పారేసేదీ కాదు, పిల్లలకు పెట్టేది.

ఈ సభకు నా విన్నపం ఒక్కటే. ఈ మాటలు, ఈ పేర్లు, ఆదివారం నాడు ‘రాము’ అన్న ఇళ్ళ కథలు ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఇంకా చెప్పగలిగిన ముసలివాళ్ళున్నారు. ప్రతి ఉపాధ్యాయుడూ తన ఊళ్ళో రెండు ఇళ్ళకైనా వెళ్ళండి, ఒకటి బాప్టిస్టులది, ఒకటి ఆర్‌సీఎం వాళ్ళది. వాళ్ళు పలికినట్టే రాసుకోండి, దిద్దకండి. మా జేజి బైబిలు మొదటి పేజీలో పుట్టిన తేదీలు, బాప్తిస్మం తేదీలు ఆమె చేతిరాతలో ఉన్నాయి. అమ్మమ్మ రాసి పెట్టుకున్నది ఏదీ లేదు, ఆమె చెప్పుకున్న జపాలు నాకు గుర్తున్నంతవరకు రాశాను. రెండూ ఇక్కడ బల్ల మీద పెట్టాను, భోజన విరామంలో చూడొచ్చు.

ఇక మొదటి పత్రం చదివేవారు వేదిక మీదికి రావాలి.