చెరువు తరుగు



మాకు అర్థశాస్త్రం చెప్పిన సారు పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి నన్ను చెయ్యమన్నప్పుడు, ఇంట్లో పాత ఇనుప పెట్టె తెరిచి ఒక నోటుబుక్కు వెతికాను. 1978లో సారు మా చేత రాయించిన ఊరి లెక్క అది. అప్పుడు నేను సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. అర్థశాస్త్రం ఊళ్ళో నేర్చుకోవాలని సారు పట్టుబట్టి ఎవరి ఊరికి వాళ్ళను తోలారు. మా ఊరు నక్కవాగు ఒడ్డున. నలభై రెండు ఇళ్ళు తిరిగాను. తరి ఎంత, ఖుష్కి ఎంత, ఎడ్లెన్ని, బర్లెన్ని, జొన్నలు ఎన్ని బస్తాలు, అప్పెంత, అన్నీ రాశాను. చివరి గడి సారు తన చేత్తో గీసిచ్చారు. పైన ‘తరుగు’ అని రాసి ఉంది. అందులో ఏం రాయాలని అడిగాను.

“మీ నాయన ఎద్దును కొనేటప్పుడు ముందు ఏం చూస్తడు?”

“పండ్లు సార్.”

“ఎందుకు?”

“ఎన్నేండ్లు దున్నుతదో తెలుస్తది.”

“అదే రాయి.”

ఈ ఏడు దున్నిన ఎద్దు పదేళ్ళ తర్వాత అంత దున్నదు. ఎద్దు సంపాదన కట్టేవాడు ఎద్దు తరుగూ కట్టాలి. రైతుకు ఇది ఎవరూ నేర్పలేదు. రాష్ట్ర ఆదాయం లెక్కల్లో ఈ గడి ఎక్కడ జారిపోయిందో, దానివల్ల మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం ఏం పోగొట్టుకుందో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

బడ్జెట్ సమావేశాల వేళ సర్కారు ఏటా సామాజిక ఆర్థిక ముఖచిత్రం పుస్తకం వేస్తుంది. తెలంగాణ ఆదాయంలో వ్యవసాయం, పాడి, చేపలు, అడవి అన్నీ కలిపి కొంచెం అటూ ఇటూగా ఆరో వంతు. అదే పుస్తకంలో మరో పట్టిక చూస్తే, పనిచేసేవాళ్ళలో సగానికి కాస్త తక్కువ మంది వ్యవసాయం మీదే బతుకుతున్నారు. మొదటి పట్టిక చూసినవాళ్ళు వ్యవసాయం బరువు తగ్గిపోయిందంటారు. రెండోది చూసినవాళ్ళు సగం మంది ఆరో వంతు పంచుకు తింటున్నారని బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. అయితే ఆరో వంతు అనే అంకె ఎలా పుడుతుందో ముందు తెలుసుకోవాలి.

సదాశివపేట దగ్గర ఒక రైతు పత్తి అమ్మాడనుకోండి. వచ్చిన డబ్బులోంచి విత్తనాలు, ఎరువు, మందుల ఖర్చు తీసేస్తే మిగిలిందే వ్యవసాయం గడిలో పడుతుంది. ఆ పత్తిని జిన్నింగు మిల్లు ఆడితే, నూలు వడికితే వచ్చేది పరిశ్రమ ఆదాయం. లారీ కిరాయి, దుకాణం లాభం సేవలు. వడ్లు వ్యవసాయం, బియ్యం మిల్లు పరిశ్రమ. మక్కలు వ్యవసాయం, కోళ్ళ దాణా పరిశ్రమ. ఈ లెక్కలో తప్పు లేదు, ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటానికి అలాగే కట్టాలి. కాకపోతే ఆ అంకె చెప్పేది వాటా ఎంతో మాత్రమే. దేని మీద ఏది నిలబడి ఉందో అందులో కనిపించదు.

సారు మాకు బ్రూస్ జాన్‌స్టన్, జాన్ మెల్లర్ 1961లో రాసిన వ్యాసం పాఠంగా చెప్పేవారు. పరిశ్రమ ఎదగడానికి వ్యవసాయం తిండి ఇస్తుంది, పనివాళ్ళను ఇస్తుంది, పెట్టుబడి ఇస్తుంది, ఎగుమతుల డబ్బు ఇస్తుంది, పరిశ్రమ సరుకు కొనే బజారునూ ఇస్తుందని వాళ్ళ వాదం. ఆ రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టాను. జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారం చూశాక అర్థమైంది. మహీంద్రా వాళ్ళు దాన్ని 2013లో మొదలుపెట్టారు, ఏడాదికి లక్ష ట్రాక్టర్లు తయారుచేసే సామర్థ్యంతో. గేటు లోపల జరిగేదంతా పరిశ్రమే. కానీ వాన సరిగ్గా పడి, పంట చేతికొచ్చి, ధర పలికితేనే ఆ ట్రాక్టరు కొనేవాడుంటాడు. ఆ పనివాళ్ళ జీతం మృగశిర కార్తె మీద ఆధారపడి ఉందని ఏ పట్టికలోనూ రాసి ఉండదు.

రెండో సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, ఇక్కడే కందిలో, ఐఐటీ భవనాల పనిలో ఉన్న వలస కూలీలు ఇంటికి పంపించమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. దాదాపు 1,200 మంది ఎక్కారు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. ఆ బండి ఎక్కినవాళ్ళు ఎక్కడికి పోయారు? ఎంత చిన్నదైనా తమకంటూ ఒక చెలక, ఒక పొయ్యి ఉన్న ఊరికి పోయారు. ఆ ఏడు దేశం మొత్తం ఆదాయం తగ్గింది, వ్యవసాయం మాత్రం పెరిగింది. పని పోయిన కూలీని ఆ నెలల్లో సాకింది పల్లె. ఆ ఖర్చు కర్మాగారాల పుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

జాన్‌స్టన్, మెల్లర్ల జాబితాలో నాకు కనిపించనిది నీళ్ళు. అమెరికాలో కూర్చుని రాసినవాళ్ళకు అది తట్టకపోవచ్చు, మంజీర పరీవాహకంలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు తట్టింది. దాదాపు 30 టీఎంసీలు పట్టే సింగూరు మన జిల్లాలోనే ఉంది. ఆ నీళ్ళు ముందు హైదరాబాదు దాహం తీర్చాయి, మన పొలాల్లోకి కాలువ చాలా ఆలస్యంగా వచ్చింది. పట్నం పెరిగిందంటే అందులో మన ఆయకట్టు త్యాగం ఉంది. తాగడానికి ఇచ్చిన నీళ్ళ గురించి నాకు ఫిర్యాదు లేదు. పాడైపోయిన నీళ్ళ సంగతి వేరు.

వెనకబడిన జిల్లా అని రాయితీలిచ్చి, 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లిలో పరిశ్రమలు పెట్టారు. పట్నానికి దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన. మందుల ముడిసరుకు కర్మాగారాలు ఎక్కువగా వచ్చాయి. నేను పరిశ్రమకు ఎదురు మాట్లాడటం లేదు. మా తమ్ముడు పాశమైలారంలో ముప్పై ఏళ్ళు షిఫ్టులు చేసి ఇద్దరు పిల్లల్ని ఇంజనీర్లను చేశాడు. మూడెకరాల ఖుష్కితో ఆ పని అయ్యేది కాదు.

కానీ మా బావి సంగతి చెప్పాలి. అది రాతి కట్టు బావి, పదిహేను గజాల లోతు, మోట పోయి మోటరు వచ్చిన బావి. 1980ల చివర్లో ఒక యాసంగి పొద్దున నాయన మోటరు వేస్తే నీళ్ళ మీద నురుగు తేలింది. టీ రంగు. మొదట పాచి అనుకున్నాం. నారుమడి వారంలో కొసలు మాడి పసుపుపచ్చగా పడిపోయింది. మా ఎర్ర బర్రె తొట్టి దగ్గరికి పోయి మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. ఎండాకాలంలో కూడా ఆ నీళ్ళు తాగలేదు. అమ్మ ఆ తొట్టిని బోర్లించింది, తర్వాత ఎన్నడూ తిప్పలేదు. వాగు పైన ఏ కర్మాగారం ఏ రాత్రి ఏం వదిలిందో మాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

ఇసుకవాగు, నక్కవాగు వెంట ఎన్నో ఊళ్ళది ఇదే కథ. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు రోగుల చర్మం మీద, ఊపిరితిత్తుల్లో ఈ నీళ్ళను చూసి జీవితమంతా పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో రిట్ పడింది. నష్టం ఎంతో తేల్చమని కోర్టు జిల్లా జడ్జికి అప్పగించింది, రైతులకు పరిహారం ఇప్పించింది. ఆ కేసు హైకోర్టుకు, అక్కణ్ణుంచి హరిత ట్రిబ్యునల్‌కు పోయి 2017 దాకా నడిచింది. మధ్యలో వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కర్మాగారం వచ్చింది. అక్కడ శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా సైన్సు పత్రికల్లో మోగింది అలాగే.

ఇప్పుడు ఆ నష్టం రాష్ట్ర ఆదాయంలో ఎలా పడిందో చూడండి. కర్మాగారం ఉత్పత్తి పరిశ్రమ గడిలో చేరింది. వాగు చెడిపోయాక మురికి నీటి శుద్ధి అదనపు ఆదాయంగా చేరింది. ఊరికి తాగునీళ్ళు తెచ్చే ట్యాంకరు సేవల్లో చేరింది. ఆస్పత్రి బిల్లు చేరింది. వకీలు ఫీజు కూడా చేరింది. పంట తగ్గినంత మేర వ్యవసాయం వాటా తగ్గింది. అంతే. వెంటనే ఎవరో లేచి, చూశారా, ఇక్కడ వ్యవసాయం ప్రాముఖ్యం తగ్గిపోతోంది అంటారు.

స్థూల ఆదాయం నుంచి నికర ఆదాయానికి వచ్చేటప్పుడు యంత్రాల తరుగుదల తీసేస్తారు. రియాక్టరుకు, బాయిలరుకు, షెడ్డుకు ఏటా ఇంత అని తీస్తారు. వందల ఏళ్ళు నీళ్ళిచ్చిన చెరువు, బావి, వాగు పక్కన నల్లరేగడి ఇలా పాడైతే పైసా తరుగు రాయరు. యంత్రం పదిహేనేళ్ళకు తుప్పు పడుతుంది. చెరువు కట్టను ఏటా చూసుకుని పూడిక తీస్తే దానికి చావు లేదు. ఎక్కువ కాలం బతికే ఆస్తినే మనం ఆస్తిగా రాసుకోలేదు. కోర్టు ఇప్పించిన డబ్బు కూడా పోయిన పంటకే, ఎకరానికి ఇంత అని. పంట ఆ ఏటి రాబడి. బావి మూలధనం. ఎద్దు చచ్చిపోతే ఒక రోజు దుక్కి కూలి చేతిలో పెట్టినట్టయింది మాకు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఇదే పటాన్‌చెరులో, ఇదే రోడ్డు పక్కన, 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మన్మూలు, కాచిరెడ్డిపల్లి ఊళ్ళు ఖాళీ అయి, ఆ భూమిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద పరిశోధన మొదలైంది. ప్రపంచంలో మొదటి సంకర కంది వంగడం 1991లో విడుదలైంది ఇక్కడి పరిశోధనతోనే. ఇక్రిశాట్ పాలుపంచుకున్న జేజీ 11 శనగ కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్ళను శనగ చేలుగా మార్చేసింది. ఒక విత్తనం వల్ల అంతమంది చిన్న రైతుల చేతికి డబ్బు వచ్చిందంటే, మెట్ట వ్యవసాయం మీద పెట్టిన రూపాయి ఊరికే పోదని అర్థం. ప్రహరీకి అటు మెట్ట భూమి విలువ పెంచే పని, ఇటు అదే భూమి విలువ తీసే పని, రెండూ మా కళ్ళ ముందే సాగాయి.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్ళు ఇంకో దారి చూపించారు. దళిత స్త్రీలు ఎక్కువమంది. పడావు పడ్డ ఎర్రచెలకల్లో కొర్ర, సామ, జొన్న, కంది, అనుములు కలిపి వేశారు. ఒక ఇంట్లో విత్తనాల బుట్ట విప్పి చూపించారు నాకు. పేడ అలికిన వెదురు బుట్ట, పైన ఎండు వేపాకు, కింద బూడిద. బూడిదలో చెయ్యి పెట్టి తీస్తే వేళ్ళ సందుల్లోంచి పచ్చజొన్నలు జారాయి. “కొన్నది కాదు సారూ, మా అత్త ఇచ్చింది” అందామె. ఆ విత్తనానికి కూడా రాష్ట్రం పుస్తకంలో ఆస్తిగా చోటు లేదు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకే వచ్చింది.

అదే జహీరాబాదు ప్రాంతంలో, ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో పన్నెండు వేల పైచిలుకు ఎకరాల్లో నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక వాడ రావాలని నిర్ణయమైంది. రానివ్వండి. ఉద్యోగాలు కావాలి. నేను అడిగేది ఒక్కటే. భూమికి ధర కట్టేముందు అక్కడి ప్రతి చెరువుకు, ప్రతి బావికి ఒక ఖాతా తెరవాలి. నీళ్ళ మట్టం ఎంత, రుచి ఏమిటి, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, ఏటా ఎంత పంట. గ్రామసభలో చదివి వినిపించాలి. ఏటేటా అదే ఖాతాలో మళ్ళీ రాయాలి. తగ్గితే ఆ తగ్గింది జిల్లా ఆదాయంలోంచి తీసెయ్యాలి, తగ్గించినవాడి దగ్గర వసూలు చెయ్యాలి. కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. జిల్లా గణాంకాల ఆఫీసు, డిగ్రీ కాలేజీ పిల్లలు కలిస్తే ఈ వానాకాలంలోనే మొదలుపెట్టొచ్చు.

పోయిన నెల ఆ నోటుబుక్కు పట్టుకుని మా ఊరు పోయాను. నలభై రెండు ఇళ్ళలో పద్దెనిమిది తాళాలు. మా బావిలో నీళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరూ తోడరు కాబట్టి నిండుగా ఉన్నాయి. 1978లో మా ఇంటి వరసలో ‘బావి’ కింద నేను రాసింది రెండు మాటలు: నీళ్ళు తీపి. పక్కన తరుగు గడి ఖాళీగా వదిలేశాను, బావికి ఏం తరుగుంటుందని. సారు దాన్ని దిద్దలేదు, ఎర్ర సిరాతో ఒక ప్రశ్నగుర్తు పెట్టి ఊరుకున్నారు.

నోటుబుక్కులో ఇంకా ముప్పై పేజీలు తెల్లగా ఉన్నాయి. దీన్ని ఇవాళ ఇక్కడికొచ్చిన అర్థశాస్త్రం విద్యార్థుల చేతికి ఇస్తున్నాను. గడులన్నీ సారు గీసినట్టే గీసి పెట్టాను.