వాపు తగ్గించే మాత్ర: మేము నేర్చుకున్న పాఠం



మేము డాక్టర్లం కాము. సొసైటీ తరఫున నెలనెలా మందులు ఇంటింటికీ చేర్చేవాళ్లం.

గుండె బలహీనమైన ఒక నానీకి ఏడాదిగా మందులు ఇస్తున్నాము. ఒక నెల వెళ్లేసరికి కాళ్లు మోకాళ్ల దాకా వాచి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆస్పత్రిలో చేర్చాము. తరువాత చూస్తే, మేమిచ్చిన వాపు మాత్రలు ట్రంకుపెట్టెలో అలాగే ఉన్నాయి. "నాలుగు ఇళ్లకు ఒకటే పాయిఖానా బేటా. రాత్రి మాత్ర వేసుకుంటే చీకట్లో ఎన్నిసార్లు లేవను?" అన్నారు. మాత్రలు ఇచ్చామే గాని, ఎప్పుడు వేసుకుంటున్నారని మేము అడగలేదు. ఆ తప్పు మాదే.

ఆ మాత్ర పేరు ఫ్యూరోసెమైడ్. మూత్రపిండాలు వడపోసిన ఉప్పులో చాలా భాగాన్ని తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఈ మందు దాన్ని కొంత అడ్డుకుంటుంది. ఉప్పు వెంట నీరూ మూత్రంలో పోతుంది. వేసుకున్న గంటలోపు మొదలై, సుమారు 6 గంటలు పనిచేస్తుంది. అందుకే సాధారణంగా ఉదయమే వేసుకోమంటారు. డాక్టరు గారు వేళ మార్చాక నానీ రాత్రిళ్లు నిద్రపోతున్నారు.

నీటితోపాటు పొటాషియం కూడా పోతుంది. అది బాగా తగ్గితే గుండె లయ తప్పవచ్చు. కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్ష తప్పనిసరి. ప్రతి వాపుకూ ఈ మాత్ర పనికిరాదు. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్‌తోనూ చీలమండలు వాయవచ్చు. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు. పచ్చళ్లు, అప్పడాలు, ఎండు చేపలు తగ్గించాలి. కొన్ని ఒళ్లు నొప్పుల మాత్రలు సొంతంగా వాడితే వాపు పెరగవచ్చు. రోజూ ఉదయం బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టరుకు చెప్పాలి.

రంజాన్‌కు ముందే డాక్టరును సంప్రదించాలి. రోగులకు ఖుర్ఆన్ సడలింపు ఇచ్చింది. మాత్ర మానేసి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు.

దాతలారా, ఈ మాత్ర ఖరీదు తక్కువే. మాకు కావలసింది రక్తపరీక్షల ఖర్చు, బరువు చూసే యంత్రాలు, నడవలేని వృద్ధులకు కమోడ్ కుర్చీలు. ఈ ఏడాది మీ జకాత్, సదఖాలలో కొంత వీటికి కేటాయించండి. ఇకపై మాత్ర ఇచ్చే ప్రతి ఇంట్లో కూర్చుని, ఎలా వాడుతున్నారో అడిగే బాధ్యత మాది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.